రాతి ఎద్దు వెనక కాళ్ళు

తోమెకిచికి చీకటి అంటే ఒక వాసన. పాత రబ్బరు, చెమట, ముందున్న మనిషి నడుముకు చుట్టిన గుడ్డ. ఆ మూడూ కలిసిన వాసనలో నడుం వంచి నడవడమే అతని వృత్తి. క్యోటోలో మా ఉజుమసా స్టూడియో గేటు దగ్గర ఎవరినడిగినా వేలు చూపించేవారు, అదుగో వెనక కాళ్ళ తోమెకిచి అని.

పడుచు వయసులో అతను ఊరూరా తిరిగే నాటకం కంపెనీలో గుర్రానికి వెనక కాళ్ళు. తోలు కప్పుకుని లోపల ఇద్దరు మనుషులు. ముందువాడు తలా మెడా ఆడిస్తాడు. వెనకవాడు వంగి, అతని నడికట్టు పట్టుకుని నడుస్తాడు. పైన కత్తి దూసిన దొర కూర్చుంటాడు. దొర బరువు పడేది వెనకవాడి వీపు మీద, చప్పట్లు పడేది దొర మీద. ముందువాడికి కనీసం గుర్రం మెడలో కోసిన కంతలోంచి జనం కనిపిస్తారు. వెనకవాడికి ముందువాడి నడుమే లోకం, అదీ కాస్త వెలుతురు చొరబడితే.

ఆ విద్య నేర్పిన ముసలాయన మొదటి రోజే తోమెకిచి పళ్ళ మధ్య ఊరేసిన ముల్లంగి ముక్క పెట్టాడట. తోలు విప్పేదాకా అది కింద పడకూడదు, నమలకూడదు. వెనక కాళ్ళకు నోరు లేదు అన్నది మొదటి పాఠం. తోలు లోపల వెనకవాడు మాట్లాడితే జంతువు రెండుగా చీలిపోతుంది. రెండో పాఠం గిన్నె. తోలు కప్పుకునే ముందు ఇద్దరూ ఒకే గిన్నెలో సాకే, అదే బియ్యపు సారా, తాగాలి. ముందువాడు మొదట తాగి, మిగిలింది వెనక్కి అందిస్తాడు. ఆ ఎంగిలి తాగినవాడు ముందువాడు ఎటు తీసుకెళితే అటు వెళ్ళాలి, ఎందుకని అడగకూడదు.

తోమెకిచికి గిన్నె అందించిన చెయ్యి ఎప్పుడూ ఒకటే. జింపాచిది. నాటకం కంపెనీ మూతపడితే ఇద్దరూ కలిసే స్టూడియోకి వచ్చారు. గుర్రంలో, అడవిపందిలో, పండగ సింహంలో, ఏ తోలులోనైనా ముందు జింపాచి, వెనక తోమెకిచి. జింపాచి నాలుగైదేళ్ళు పెద్ద. పొడుగ్గా, ఎండిన వెదురులా ఉండేవాడు. తోమెకిచి పొట్టి, వెడల్పు. కలిసి ట్రాము దిగితే వాళ్ళను చూసి మా కుట్టు షెడ్డు ఆడవాళ్ళు, చీపురూ చేటా వచ్చాయి అనేవారు.

ఇదంతా జరిగిన ఏడు అన్ని ఇళ్ళల్లోకీ టీవీ వచ్చేసింది. జనాన్ని సినిమా హాలుకి రప్పించాలంటే కత్తియుద్ధం ఒక్కటే చాలదని, కోటని తొక్కే భూతం ఏదో కావాలని కంపెనీ వాళ్ళకు తోచింది. అలా పుట్టింది మా రాతి ఎద్దు. కథ చిన్నది. పాతకాలంలో ఒక దుర్మార్గపు ప్రభువు కోట గోడకు రాళ్ళు చాలక గుడిముందు పడుకుని ఉన్న రాతి ఎద్దు కొమ్ము విరగ్గొట్టిస్తాడు. ఊళ్ళో ఒక పిల్ల ఆ విరిగిన చోట చెంప ఆనించి ఏడుస్తుంది. ఎద్దు లేస్తుంది. కొండంత అవుతుంది. కోట మట్టి అవుతుంది.

కొండంత ఎద్దంటే తెరమీద. మా షెడ్డులో అది నల్లటి రబ్బరు తోలు, లోపల గోనెపట్టా, వెన్నుకి వెదురు బద్దలు. నేను కూడా దానికి సూది గుచ్చినదాన్నే. కోట మనిషి ఛాతీ ఎత్తు. పెంకులు గోటంత. కింద ఊరు, ఊళ్ళో వీధి, వీధి చివర వంతెన, వంతెన దాటితే కోట గుమ్మం. నేలంతా రంపపు పొట్టు పరిచి, దుమ్ములా లేవడానికి బూడిద కలిపారు. కోట స్తంభాలను లోపలినుంచి సగం కోసి ఉంచారు, తగలగానే ఒరగాలని. అలాంటి కోటను ఒకేసారి పడగొట్టగలం. రెండో కోట కట్టడానికి కంపెనీ ఒప్పుకోదు. అందుకే ఆ షాటుకి కొన్ని వారాల ముందే, కీడు తగలకుండా సెట్టు నాలుగు మూలలా ఉప్పు కుప్పలు పోసి, గుడి పూజారిని పిలిచి దణ్ణం పెట్టించారు.

ఆ ఉప్పు కుప్పల దగ్గరే తోమెకిచి చెవిన మొదటి మాట పడింది. గడ్డం నిమురుకుంటూ ఇద్దరు కంపెనీ మనుషులు మాట్లాడుకుంటున్నారు. వచ్చే సినిమాలో ఎద్దుని రెండు కాళ్ళ మీద నిలబెడితే ఎలా ఉంటుంది, టోక్యో స్టూడియోల భూతాలన్నీ నిలబడే నడుస్తున్నాయి కదా, నిలబడితే తోలులో ఒక్క మనిషి చాలు కదా అని.

ఒక్క మనిషి. తోమెకిచి ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్ళాడు. ఒక్కడే చాలితే ఉండేది ఎవరు? ముందువాడే కదా. వెనక కాళ్ళకు తల ఎవరు పెడతారు. అతనికి వేరే విద్య రాదు. కళ్ళు మూసుకుని ఇంకొకడి నడుం చెప్పింది చెప్పినట్టు నడవడం ఒక్కటే వచ్చు. ఆ పనికి తోలు బయట గిరాకీ లేదు.

భార్య షిగెనో పక్క వీధిలో సోయా పెరుగు గడ్డలమ్మే కొట్లో పనిచేసేది. విషయం విని, తొట్టెలో చేతులు కడుక్కుంటూ తాపీగా అంది:

"జింపాచికి ముందే తెలిసుంటుంది. ముందున్నవాడికే కదా అన్నీ ముందు కనిపించేది."

ఆమెకు అది పొద్దుపోక వేసిన దెప్పు. తోమెకిచికి మాత్రం అది అన్నంలో రాయిలా తగిలింది. ఆ రోజునుంచి అతను ముందున్న నడుముని కొత్తగా చూడడం మొదలుపెట్టాడు.

చూడడం మొదలుపెడితే కనిపించేవి ఉంటాయి. జింపాచి మధ్యాహ్నం అన్నం ముద్దలు అతనితో కలిసి తినడం మానేశాడు. సెట్టులో వేడి ఎక్కువ అని చెప్పి ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. బార్లీ నీళ్ళ గ్లాసు అందిస్తే, చూసీ చూడనట్టు కాసేపు ఆగి, అప్పుడు తీసుకునేవాడు, మొహమాటానికి తీసుకున్నట్టు. దారిలో ఎదురైతే పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు ఒకసారి. భుజానికి భుజం రాసుకుంది కూడా. తోమెకిచి వెనక్కి తిరిగి ఆ పొడుగాటి వీపు దూరమయ్యేదాకా నిలబడి చూశాడు. అంత పొగరు ఎప్పుడొచ్చిందీ మనిషికి?

తర్వాత కంత. ఎద్దు మెడ కింద ముందువాడు చూడడానికి కోసిన కంత ఒకరోజు వెడల్పైంది. తోమెకిచి మా షెడ్డుకి వచ్చి ఎవరు కోశారని అడిగాడు. జింపాచి వచ్చి కోయించుకున్నాడని, చెమట కళ్ళల్లోకి కారుతోంది గాలి ఆడాలి అన్నాడని చెప్పాను. అతను ఆ కంతలో చెయ్యి పెట్టి చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"గాలికా, మొహం కనపడ్డానికా?"

ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది. అతను నవ్వలేదు.

నెల ఇరవై ఐదో తారీఖున కితానో గుడి దగ్గర సంత. తోమెకిచి పాత గొడుగొకటి కొందామని వెళ్ళాడు. గుడి ఆవరణలో రాతి ఎద్దులు పడుకుని ఉంటాయి. నొప్పి ఉన్నవాళ్ళు తమకు ఎక్కడ నొప్పో ఎద్దుకు అక్కడ నిమురుతారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మోకాళ్ళు, కడుపు నొప్పులవాళ్ళు కడుపు. పరీక్షలు రాసే పిల్లలు తల నిమిరి నిమిరి అది అద్దంలా మెరుస్తుంటుంది. ఆ మెరిసే తల ముందు జింపాచి నిలబడి ఉన్నాడు. టోపీ చంకలో పెట్టుకుని, రెండు చేతులతో ఎద్దు తలను పట్టుకుని, నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ నిమురుతున్నాడు. తోమెకిచి గాజు సీసాలమ్మే కొట్టు వెనక ఆగిపోయాడు. అక్కణ్ణుంచి అతనికి కనిపించేది ఎప్పటిలాగే జింపాచి వీపు. చేతులు తల మీద ఉన్నాయన్నది తెలుస్తోంది గాని తలలో ఎక్కడో తెలియడంలేదు.

తల కోసం వచ్చాడు, అనుకున్నాడు తోమెకిచి. ఎద్దు మొత్తానికీ తానే తల కావాలని దేవుడి ఎద్దునే అడుగుతున్నాడు.

గొడుగు కొనకుండా ఇంటికెళ్ళాడు. షిగెనో అడిగితే వాన పడదులే అన్నాడు.

కోట పడగొట్టే షాటుకి ముందురోజు నడక చూసుకోవడం ఉంటుంది. దీపాలు, పొగ, మంట లేకుండా, తోలు మాత్రం కప్పుకుని, వీధిలోంచి వంతెన మీదుగా కోట గుమ్మందాకా నెమ్మదిగా నడవాలి. గుమ్మం ముందు ఎడమకి తిరిగి, కొమ్ముతో పెద్ద బురుజుని పొడవాలి. కుడివైపున నేలలో ఇనప గొట్టాలు. షాటులో వాటిలోంచి మంట లేస్తుంది, ఊరు తగలబడుతున్నట్టు. అంచేత ఎడమకి తిరగడం తప్పకూడదు. దర్శకుడు మికామో గారు ఆ మాట చాలాసార్లు చెప్పాడు. ఆయన ఎప్పుడూ చెప్పులు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో సెట్టులో తిరిగేవాడు, పొట్టు మీద అడుగులు పడతాయని.

ఆ నడకలో తోమెకిచి కాలికి ఏదో తగిలింది. పొట్టు కింద, సన్నగా, పాములా. మొదట గుడ్డ మడత అనుకున్నాడు. మళ్ళీ తగిలింది. వంతెన దాటాక కూడా ఉంది. వెనకవాడి పాదాలకు కళ్ళుంటాయి. తోలు విప్పాక అందరూ వెళ్ళేదాకా ఆగి, ఒంగుని పొట్టు పక్కకి తోశాడు. గడ్డి తాడు. చిటికెనవేలంత సన్నం. వీధి మొదలునుంచి వంతెన మీదుగా గుమ్మందాకా, గుమ్మం దగ్గర ఎడమకి వంచి, చిన్న మేకులతో కొట్టి, పైన పొట్టు కప్పి ఉంది.

సెట్టు వాళ్ళనడిగితే మేం కొట్టలేదన్నారు. మేకులు పెట్టెలోంచి జింపాచి పట్టుకెళ్ళాడు, ఇంట్లో అరుగు చెక్క ఊడిందన్నాడు అని వడ్రంగి చెప్పాడు.

తోమెకిచి ఆ సాయంత్రం స్నానశాలలో వేణ్ణీళ్ళ తొట్టెలో గడ్డందాకా మునిగి ఆలోచించాడు. పక్కవాళ్ళు బేస్‌బాల్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిరిలో వాళ్ళ తలలు నీళ్ళమీద తేలే పుచ్చకాయల్లా ఉన్నాయి. తాడు ఎందుకు? కళ్ళున్నవాడికి తాడెందుకు? ఎద్దులో గుడ్డివాడు ఎవడైనా ఉంటే అది వెనకవాడు, అంటే తను. కాని తాడు తనకోసమైతే చెప్పేవాడు కదా. చెప్పకుండా దాచాడంటే అది సాయం కాదు. వెనక కాలు తట్టుకోవడానికి వేసిన ఉచ్చు. ఒక్కసారి మాత్రమే పడగొట్టగలిగే కోట ముందు, కంపెనీ పెద్దలందరూ చూస్తుండగా, ఎద్దు వెనక సగం బోర్లా పడుతుంది. చూశారా, నాలుగు కాళ్ళతో ఇదే గొడవ అంటారు. ఒక్క మనిషి చాలు అంటారు.

నీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాడు. లేచేటప్పటికి అతని వేళ్ళు ముడతలు పడిపోయాయి.

మర్నాడు పొద్దున అందరికంటే ముందే స్టూడియోకి వెళ్ళాడు. కాపలావాడు తలుపు తీస్తూ ఆవులిస్తున్నాడు. గోటంత పెంకుల మీద పైకప్పు అద్దాలలోంచి పల్చటి ఎండ పడుతోంది. ఊరు నిజంగా నిద్రలో ఉన్నట్టుంది. తోమెకిచి ఆ వీధిలో ఒంగుని, మేకులు ఒక్కొక్కటే పెకిలించి, తాడు చుట్ట చుట్టి తన సంచిలో పెట్టుకున్నాడు. పొట్టు మళ్ళీ సర్దాడు. అతనికి ఆ క్షణంలో ఏ తప్పూ చేస్తున్నట్టు అనిపించలేదు. తన కాళ్ళ కింద నేల తను చదును చేసుకుంటున్నాడు, అంతే.

మధ్యాహ్నానికి సెట్టు నిండిపోయింది. కంపెనీ మనుషులు కుర్చీలు వేసుకుని విసనకర్రలతో కూర్చున్నారు. ఉప్పు కుప్పలు కొత్తగా పోశారు. దీపాలు వెలిగేసరికి రేకుల కప్పు కింద గాలి ముద్దలా గడ్డకట్టింది. జింపాచి గిన్నె ఎత్తి తాగి, మిగిలింది అందించాడు. గిన్నె అంచు కొంచెం వణికింది. భయం, అనుకున్నాడు తోమెకిచి. చెయ్యబోయేది తలుచుకుని భయం. అతను సాకే నోట్లో పోసుకుని, మింగకముందే వాసన చూశాడు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఆ గిన్నె వాసన చూడలేదు.

తోలు కప్పారు. చీకటి. నడికట్టు చేతికి చుట్టుకున్నాడు. బయట మికామో గారి గొంతు. అంతా ఒక్కసారే, ఇంకో కోట లేదు, గుర్తుంచుకోండి.

నడిచారు.

వీధిలో ఇళ్ళు పక్కలకి ఒరుగుతున్న చప్పుడు. బూడిద రబ్బరు కింద నుంచి లోపలికి దూరి గొంతులో పట్టుకుంది. మంట గొట్టాలు అంటించారు, ఆ ఊపిరి లాంటి శబ్దం వినిపించింది. అప్పటిదాకా అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. వంతెన దగ్గర జింపాచి నడుం ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేసింది. తడబడింది. ఆగింది అనడానికి లేదు, ఆగలేదు అనడానికి లేదు. ముందరి పాదం నేలమీద అటూ ఇటూ రాసుకుంటోంది. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె కోసం గూట్లో చెయ్యి తడిమినట్టు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. దొరకలేదు. మళ్ళీ తడిమింది.

తోమెకిచి చేతికి చుట్టుకున్న నడికట్టు సన్నగా వణకడం మొదలైంది. ఆ వణుకు మోచేతుల్లోకి, భుజాల్లోకి ఎక్కింది. అందని గ్లాసు, రాసుకున్న భుజం, వెడల్పు చేసిన కంత, ఎద్దు తలమీద మళ్ళీ మళ్ళీ తిరిగిన చేతులు, అన్నీ ఆ వణుకులో ఒక్కసారే అర్థం అయ్యాయి. ఆ చేతులు తలని నిమరలేదు. కళ్ళను నిమిరాయి. తాడు జింపాచి కాళ్ళ కోసం. ఆ తాడు ఇప్పుడు తన సంచిలో ఉంది.

ఎద్దు తిరగడం మొదలుపెట్టింది. కుడికి. తోమెకిచి కుడి పిక్కకి వేడి తగిలింది. ఇంకొంచెం. తోలులో రబ్బరు కాలే వాసన.

ముల్లంగి ముక్క పళ్ళ మధ్య పెట్టిన రోజునుంచి తోలు లోపల అతను ఒక్క మాట మాట్లాడలేదు.

"అన్నా, ఎడమకి."

ముందున్న నడుం బిగుసుకుపోయింది. బయట మంట ఊపిరి. కెమెరా తిరుగుతోంది. చాలాసేపటికి, లేదా ఆ చీకట్లో చాలాసేపు అనిపించాక, ముందునుంచి నెమ్మదిగా గొంతు వచ్చింది.

"ఎంత?"

"నేను ఆపేదాకా."

ఆ తర్వాత ఎద్దు వెనకనుంచి నడిచింది. తోమెకిచి పిక్క మీద వేడి ఎక్కితే ఎడమకి, తగ్గితే సూటిగా, నడికట్టు పట్టి ముందు సగాన్ని తిప్పాడు. పడవ వెనక కూర్చుని తెడ్డు పట్టినట్టు. గుమ్మం దగ్గర ఎద్దు ఆగింది, ఎందుకంటే లోపల ఇద్దరికీ గుమ్మం ఎక్కడుందో తెలియదు. జింపాచి తల ముందుకి చాచి, మూతితో గోడను మెల్లగా తడిమాడు. గోడ తగిలింది. అప్పుడు ఇద్దరూ కలిసి భుజం వేశారు. కొమ్ముతో పొడవాల్సిన బురుజు భుజం తగిలి ఒరిగింది. సగం కోసిన స్తంభాలు విరిగే చప్పుడు, గోటంత పెంకులు వానలా వీపుమీద పడే చప్పుడు.

కట్ అన్నారు. మికామో గారు చెప్పులు చేత్తో పట్టుకునే వచ్చి, ఎద్దు మూతి ముందు నిలబడి, అనుమానంగా దాని రబ్బరు మొహంలోకి చూశాడు.

"గుమ్మం దగ్గర ఆగి గోడ వాసన చూసిందెందుకు?"

ఆయన ఇంకాసేపు చూసి, కొమ్ముతో పొడవమన్నాను కదా అని గొణిగి వెళ్ళిపోయాడు. వేరే కోట లేదు కాబట్టి ఆ షాటే సినిమాలో ఉంది. ఎద్దు కోటను కూల్చే ముందు దాన్ని ఒకసారి మూతితో తాకుతుంది. ఆ చోట హాల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఎద్దుకి జాలి కలిగిందనుకునేవాళ్ళు.

మా షెడ్డు వెనక నీళ్ళ కుళాయి ఉంది. తోలు విప్పాక ఇద్దరూ అక్కడ కూర్చున్నారు. తోమెకిచి పిక్క ఎర్రగా పొంగింది, నేను తడిగుడ్డ వేసి కట్టి లోపలికి వచ్చేశాను. రేకు గోడకి అవతల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

కుళాయి తిప్పి నీళ్ళు తాగిన చప్పుడు. తర్వాత జింపాచి గొంతు.

"తాడు నువ్వే తీశావా?"

"నేనే."

"అనుకున్నా. పొద్దున రాగానే కాలితో చూసుండాల్సింది. నాకు నీటికాసులు తోమే. డాక్టరు చెప్పాడు. పక్కలనుంచి మూసుకుంటూ వస్తుందట. ఇప్పుడు వెదురు గొట్టంలోంచి చూసినట్టుంది. దీపాలెలిగితే అదీ ఉండదు."

"చెప్పొచ్చుగా అన్నా."

"చెబితే ఏం చేసేవాడివి?"

తోమెకిచి కుళాయి కింద బకెట్టు జరిపిన చప్పుడు.

"ముందుకొచ్చేవాడివి," అన్నాడు జింపాచి. "ముప్పై ఏళ్ళు నా వెనకాల ఉన్నావు. నీ ఊపిరి నా నడుముకి తగులుతుంటే ఎప్పుడూ అదే అనుకునేవాణ్ణి. వీడు ఏం ఆలోచిస్తున్నాడో, ఎప్పుడు లాగేస్తాడో అని. వెనకున్నవాడి మొహం ముందువాడికి కనపడదు కదా."



"వచ్చేవాణ్ణే," అన్నాడు తోమెకిచి.

ఆ మాటకి జింపాచి నవ్వాడు. అంతసేపట్లో అది ఒక్కటే నవ్వు. తర్వాత అతను అన్నది నాకు సరిగా వినపడలేదు. తాడూ మేకులూ తిరిగి ఇచ్చెయ్, అరుగు చెక్క నిజంగానే ఊడింది అన్నాడనుకుంటాను.

మర్నాడు ఎద్దు కొండలమీదుగా తిరిగి వెళ్ళిపోయే షాటు. పొద్దున ఉప్పు పోశారు. గిన్నెలో సాకే పోసి జింపాచి చేతికిచ్చారు. అతను దాన్ని కాసేపు పట్టుకున్నాడు. తాగలేదు. పక్కకి చాచాడు. తోమెకిచి నిలబడింది అక్కడ కాదు, ఇంకాస్త ఎడమకి. గిన్నె ఖాళీ గాలిలో ఆగి ఉంది. తోమెకిచి చప్పుడు కాకుండా ఒక అడుగు జరిగి, గిన్నె ఉన్న చోటికి వెళ్ళి, అక్కడే మొదటినుంచీ ఉన్నట్టు దాన్ని అందుకుని, మొదట తాను తాగి, మిగిలింది వెనక్కి ఇచ్చాడు.

ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వెనకవాడికి కళ్ళతో పనిలేదని చెప్పేవాళ్ళేమో. తోమెకిచి ముందుకి, జింపాచి వెనక్కి మారారు కాబట్టి ముందు కాళ్ళకి నేను తోలు కత్తిరించి కురచ చేశాను, వెనక కాళ్ళకి అతుకు వేశాను.

తోమెకిచి మొదటిసారి కంతలోంచి చూశాడు. బొమ్మ కొండలు, వాటి వెనక రంగు వేసిన ఆకాశం, దీపాల పక్కన చెమట తుడుచుకుంటున్న మనుషులు. అంత వెలుతురు ఉంటుందని అతనికి తెలియదు. అయినా అతని మనసు అక్కడ లేదు. నడుం దగ్గర నడికట్టు బిగిసింది. ఎవరో పట్టుకున్నారు. పట్టుకున్నారా, వదిలేశారా? వెనక వీడు ఏం ఆలోచిస్తున్నాడు? ఊపిరి నడుముకి తగులుతోంది. తోమెకిచి ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. ఎద్దు తల కూడా తిరిగింది. మికామో గారు షాటు ఆపేసి, కొండంత ఎద్దు దొంగతనం చేసినవాడిలా వెనక్కి చూస్తుందా అని తిట్టాడు. ఆ రోజంతా ఎద్దు వెనక్కి చూస్తూనే ఉంది. ఫిలిం వృథా అయింది.

మరుసటి ఏడు రెండు కాళ్ళ ఎద్దుని నిజంగానే కుట్టించారు. నిలబెట్టి చూస్తే అది ఎద్దు ముసుగేసుకున్న పన్ను అధికారిలా ఉంది, భయం పుట్టలేదు. దాన్ని అటక మీద పెట్టి, మళ్ళీ నాలుగు కాళ్ళకే వచ్చారు. ఇంకో రెండు సినిమాలు తీశారు. ఆ తర్వాత జనం హాళ్ళకు రావడం తగ్గింది, కోటలు కట్టడం ఆగింది, తోలు ఎలకలు కొట్టేశాయి.

జింపాచికి చివరికి ఆ వెదురు గొట్టం చూపు కూడా మూసుకుపోయింది. ఇద్దరూ ఇప్పటికీ ఇరవై ఐదో తారీఖున కితానో సంతకి వస్తారు. నేను చాలాసార్లు చూశాను. పాత గొడుగులు, గాజు సీసాలు, జనం. ముందు తోమెకిచి పొట్టిగా దారి చేసుకుంటూ, అతని నడికట్టు కొస పట్టుకుని వెనక జింపాచి పొడుగ్గా. రాతి ఎద్దు దాకా వెళతారు. జింపాచి ఇప్పుడు కళ్ళు నిమరడు, మోకాళ్ళు నిమురుతాడు. తోమెకిచి మెడ నిమురుతాడు, పదేపదే తిప్పి తిప్పి పట్టేసిందని.

పోయిన నెల వాళ్ళు నా పక్కనుంచే వెళ్ళారు. రద్దీలో తోమెకిచి ఆగి, వెనక్కి చూశాడు.

"ఉన్నాన్లే," అన్నాడు జింపాచి, గుడ్డి కళ్ళు ఎటో పెట్టి. "ముందుకి చూసి నడువు."

తోమెకిచి సరేనన్నాడు. నాలుగు అడుగులు వేశాడు. మళ్ళీ వెనక్కి చూశాడు.